బ్యాటరీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మొరాయిస్తే ముందు బ్యాటరీని చూడండి, తర్వాతే కేబుల్

మీరు అడిగింది ఇది. చేతిలో పట్టేంత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ (సన్నని పిన్నులు సిరా రిబ్బన్‌ను కాగితానికి కొట్టి చుక్కలతో అక్షరాలు వేసేది), 58 మిల్లీమీటర్ల కాగితం చుట్ట, లోపల ఛార్జింగ్ బ్యాటరీ, పక్కన సీరియల్ సాకెట్ (సమాచారాన్ని ఒక్కో బిట్టుగా వరసగా అందుకునేది), బ్లూటూత్ కూడా ఉంది. చాలాకాలం వాడకుండా పెట్టెలో ఉండిపోయింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ నుంచి పంపితే అర్థంలేని గుర్తులు పడుతున్నాయి, పొడవైన రసీదులో మధ్య లైన్లు ఎగిరిపోతున్నాయి, ఒక్కోసారి సగం లైను కొట్టి ఆగిపోతోంది. డ్రైవర్ మార్చారు, కేబుల్ మార్చారు, ఫలితం లేదు. దీన్ని బాగుచేసుకోవచ్చా, లేక వేడితో ముద్రించే థర్మల్ ప్రింటర్ కొనుక్కోవడమే మేలా?

బాగుచేసుకోవచ్చు. కాకపోతే మీరు వెతకడం మొదలుపెట్టిన చోటు సరైనది కాదు. ప్రింటర్ పనిచేయకపోతే ఎవరి చెయ్యి అయినా ముందు డ్రైవర్ మీదికో కేబుల్ మీదికో వెళ్తుంది. బ్యాటరీతో నడిచే ఈ చిన్న ప్రింటర్ల విషయంలో వరస తలకిందులు కావాలి. ముందు కరెంటు, తర్వాత యంత్రాంగం, ఆ రెండూ సరిగా ఉన్నాయని తేలాకే కంప్యూటర్. బ్యాటరీ నీరసించినప్పుడు కనిపించే లక్షణాలు అచ్చం కనెక్షన్ లోపంలాగే ఉంటాయి మరి. సగం లైనులో ఆగడం, బ్లూటూత్ తెగిపోవడం, ఆగిన చోటు నుంచి మిగతా వచనమంతా మాయమవడం, ఇవన్నీ వోల్టేజి పడిపోయి ప్రింటర్ తనంతట తాను రీసెట్ అయినప్పుడు జరిగేవే. వాటిని చూసి కేబుళ్లు మార్చుకుంటూ పోతే ఎప్పటికీ తెమలదు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ మూడు వేర్వేరు కారణాలు ఉన్నాయని నా అభిప్రాయం. సగం లైనులో ఆగడం బ్యాటరీ వల్ల, పిచ్చి గుర్తులు సెట్టింగుల వల్ల, లైన్లు ఎగిరిపోవడం ప్రింటర్ చెప్పే "ఆగు" అనే మాట కంప్యూటర్‌కు వినిపించకపోవడం వల్ల.

బ్యాటరీకి ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో చూడాలి. బల్ల మీద పెట్టుకునే పెద్ద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ తలలో 9 లేదా 24 పిన్నులు నిలువుగా ఉంటాయి, తల అడ్డంగా పరుగెడుతూ కొడుతుంది. చిన్న బ్యాటరీ ప్రింటర్లలో ఎక్కువ వాటి పద్ధతి వేరు. నాలుగో, అంతకన్నా ఎక్కువో పిన్నులు ఒక చట్రంలో అడ్డంగా, దూరదూరంగా అమర్చి ఉంటాయి. చట్రం కొద్ది దూరం మాత్రమే అటూ ఇటూ కదులుతుంది. ప్రతి కదలికకూ ఒక చుక్కల వరస పడుతుంది, కాగితం ఒక చుక్క ఎత్తు జరుగుతుంది, మళ్లీ తర్వాతి వరస. అలా ఏడు వరసలు పడితే అక్షరాలకు ఆకారం వస్తుంది. లైనుకు 24 అక్షరాలు, నాలుగు పిన్నులు అనుకుంటే ఒక్కో పిన్నుకు ఆరు అక్షరాల వెడల్పు వాటా. ఈ లెక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. ఈ యంత్రాంగం కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లో ఎప్సన్ తెచ్చిన హెచ్‌ఎక్స్-20 అనే చిన్న కంప్యూటర్‌లో ఇలాంటి 24 అక్షరాల ప్రింటరే ఉండేది, అదీ కంప్యూటర్‌తో పాటు నికెల్ కాడ్మియం బ్యాటరీ మీదే నడిచేది.

ప్రతి పిన్ను వెనకా ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. అది పిన్నును కొట్టిన క్షణంలో కరెంటు ఒక్కసారిగా కొన్ని ఆంపియర్ల దాకా ఎగబాకుతుంది, మరుక్షణం సున్నాకు వస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఈ ప్రింటర్ వాడుకునేది చాలా తక్కువ. అందుకే పాతబడిన బ్యాటరీ మనల్ని సులభంగా మోసం చేస్తుంది. దీపం వెలుగుతుంది, బటన్ నొక్కితే కాగితం జరుగుతుంది, మల్టీమీటర్ పెడితే వోల్టేజి నిండుగా కనిపిస్తుంది. పిన్నులు కొట్టడం మొదలుకాగానే లోపలి నిరోధం వల్ల వోల్టేజి కుప్పకూలుతుంది.

కాబట్టి మొదటి పని కంప్యూటర్ నుంచి వచ్చే తీగలన్నీ తీసేయడం. మల్టీమీటర్ కొసలను బ్యాటరీ ధ్రువాల మీద పెట్టి, ప్రింటర్ చేత ఏదైనా కొట్టిస్తూ వోల్టేజి చూడండి. అయిదు నికెల్ సెల్స్ ఉన్న పొట్లం అయితే సెల్‌కు 1.2 వోల్టుల లెక్కన 6 వోల్టులు. నిండుగా ఛార్జ్ అయితే, ప్రింటర్ ఏమీ కొట్టనప్పుడు ఇంకొంచెం ఎక్కువే చూపిస్తుంది. కొడుతుండగా అది 5 వోల్టుల దగ్గరికి జారిపోతుంటే ఆ పొట్లం పని అయిపోవచ్చినట్టే. లిథియం అయాన్ రకమైతే సెల్‌కు 3.7 వోల్టులు, రెండు సెల్స్‌కు 7.4, నిండినప్పుడు 8.4. మామూలు మల్టీమీటర్ చాలా నెమ్మదిగా స్పందిస్తుంది కాబట్టి అసలు పతనం తెర మీద కనిపించిన దానికన్నా లోతుగానే ఉంటుంది. అంకెలు కిందికీ పైకీ ఊగిసలాడితే అదే మీకు జవాబు.

చాలాకాలం వాడలేదన్నారు కాబట్టి బ్యాటరీ ఏ రకమో పేరుచీటీ మీద చూసి తెలుసుకోండి. నికెల్ రకాలు ఊరికే ఉన్నా తమంతట తాము ఖాళీ అవుతాయి. వాటిని నెమ్మదిగా, అంటే సామర్థ్యంలో పదోవంతు కరెంటుతో 14 నుంచి 16 గంటలు ఛార్జ్ చేసి, ప్రింటర్‌లోనే ఖాళీ అయ్యేదాకా వాడి, మళ్లీ నింపండి. రెండు మూడు సార్లు ఇలా చేస్తే కొంత సత్తువ తిరిగి వస్తుంది. పూర్తిగా పీల్చేయాలని బల్బు కట్టి వదిలేయకండి. సెల్‌కు ఒక వోల్టు కన్నా కిందికి లాగితే వరసలోని బలహీనమైన సెల్ తలకిందుల ధ్రువంతో ఛార్జ్ అయి చచ్చిపోతుంది. ధ్రువాల దగ్గర తెల్లని పొడి కనిపిస్తే అది క్షారం. చేతికి తొడుగు వేసుకుని, కొద్దిగా వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, తడి గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి తుడవండి. లిథియం రకం ఉబ్బినా, సెల్ వోల్టేజి రెండున్నర కన్నా కిందికి పడిపోయి ఉన్నా బలవంతంగా ఛార్జ్ చేసే ప్రయత్నం వద్దు. ఇందులో రాజీ లేదు. కొత్తది వేయండి, పాతదాన్ని ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి.

అడాప్టర్ పెట్టి నడిపితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. కొన్ని మోడళ్లకు సరిపోతుంది, కొన్నింటికి సరిపోదు. చాలా చిన్న ప్రింటర్లలో అడాప్టర్ బ్యాటరీని నింపడానికే, పిన్నులు కొట్టే కరెంటు ఎప్పుడూ బ్యాటరీ నుంచే రావాలి. అలాంటి దాంట్లో బ్యాటరీ చచ్చిపోతే అడాప్టర్ ఉన్నా తడబడుతూనే ఉంటుంది. ఇంకొక అడాప్టర్ ప్రయత్నించాలనుకుంటే వోల్టేజి ఒక్కటే కాదు, అడాప్టర్ ప్లగ్ మధ్యభాగం ధనమా రుణమా అన్నది ప్రింటర్ అడుగున ఉన్న గుర్తుతో సరిచూసుకోండి. ఇది తారుమారైతే లోపలి బోర్డు ఒక్క క్షణంలో పోతుంది.

బ్యాటరీ సరే అనిపించాక స్వీయ పరీక్ష. చాలా మోడళ్లలో కాగితం జరిపే బటన్‌ను నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే ప్రింటర్ తనకు తానే ఒక పరీక్ష ముద్రణ ఇస్తుంది. ఆ చీటీని పారేయకండి. చాలా ప్రింటర్లలో దాని మీదే బాడ్ రేటు (బిట్లు వచ్చే వేగం), పారిటీ (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్టు), అక్షరాల పట్టిక వగైరా సెట్టింగులు ఉంటాయి. అయిదారు చీటీలు వరసగా ఆగకుండా కొట్టగలిగితే కరెంటు, యంత్రాంగం రెండూ బాగున్నట్టే.

చీటీని వెలుతురులో పెట్టి చూడండి. అక్షరాలు అంతటా సమానంగా లేతగా ఉంటే రిబ్బన్ ఎండింది. ఒక అంచు నల్లగా, రెండో అంచు లేతగా ఉంటే రిబ్బన్ క్యాసెట్ ఒకవైపు సరిగా కూర్చోలేదు. మొదటి లైన్లు ముదురుగా ఉండి పోనుపోను లేతబడితే మళ్లీ బ్యాటరీ దగ్గరికే వెళ్లాలి. ఇక ఇందాకటి లెక్క ఇక్కడ పనికొస్తుంది. వరసగా ఆరు అక్షరాల వెడల్పున నిలువు పట్టీ మొత్తం ఖాళీగా ఉంటే ఆ పట్టీకి చెందిన పిన్ను కదలడం లేదన్నమాట. పెద్ద ప్రింటర్‌లో పిన్ను పోతే అక్షరాల మీదుగా అడ్డంగా తెల్ల గీత కనిపిస్తుంది, ఇక్కడ నిలువుగా ఒక ముక్కే మాయమవుతుంది. పెద్ద ప్రింటర్లు బాగుచేసిన అనుభవం ఉన్నవాళ్లు కూడా దీన్ని చూసి బోర్డు పోయిందని తీర్పు ఇచ్చేస్తుంటారు. చాలాసార్లు అది కాగితపు దుమ్ము, ఎండిన సిరా కలిసి పిన్నును పట్టేయడమే. మెత్తని బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన దూదిపుల్లతో పిన్నుల కొసలు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి చూడండి. నూనె వేయవద్దు. దానికి దుమ్ము అంటుకుని గట్టిపడుతుంది.

రిబ్బన్ గురించి ఇంకో మాట. అందులోని సిరా అక్షరాలకే కాదు, పిన్నుల కదలికకు కందెనగానూ పనిచేస్తుంది. ఎండిపోయిన రిబ్బన్‌తో నడిపిస్తే పిన్నులు అరుగుతాయి. రబ్బరు స్టాంపుల సిరా పోసి రిబ్బన్‌ను బతికించే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి వద్దు. ఆ సిరా పిన్నుల దారుల్లో పేరుకుని తర్వాత ఎంత తుడిచినా వదలదు. కొత్త క్యాసెట్ పెట్టేటప్పుడు రిబ్బన్ కాగితానికీ పిన్నులకూ మధ్యలోకి వచ్చిందో లేదో చూసి, క్యాసెట్ మీది చక్రాన్ని బాణం చూపే వైపుకే తిప్పి బిగువు తీసుకురండి. వదులుగా ఉంటే మొదటి లైనుకే మడతపడి ఇరుక్కుంటుంది.

కాగితం విషయంలో తేలికగా జరిగే పొరపాటు థర్మల్ చుట్ట పెట్టడం. కొలత ఒకటే, చూపుకూ ఒకేలా ఉంటుంది. గోటితో గీయండి, నల్లని గీత పడితే అది థర్మల్. దాని నున్నటి పూత సిరాను పీల్చుకోదు, అక్షరాలు అలుక్కుపోతాయి. మామూలు కాగితం కావాలి. చుట్ట మార్చేటప్పుడు పాత కాగితాన్ని వెనక్కి లాగవద్దు. వెనకాల కత్తిరించి, మిగిలిన ముక్కను బటన్‌తో ముందుకే బయటికి పంపండి. వెనక్కి లాగితే పళ్లచక్రాల మీద ఒత్తిడి పడుతుంది, చిరిగిన ముక్కలు లోపలే ఉండిపోతాయి.

ఇప్పుడు కేబుల్. సీరియల్ కనెక్షన్‌లో అడ్డదారులు లేవు, ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో తెలియాలి. కంప్యూటర్ వైపు తొమ్మిది పిన్నుల సాకెట్‌లో 2వ పిన్ను వినేది, 3వది మాట్లాడేది, 5వది భూమి, అంటే గ్రౌండ్. ప్రింటర్ వైపు మాత్రం అన్ని కంపెనీలూ ఒకే పద్ధతి పాటించవు. గుండ్రటి సాకెట్, టెలిఫోన్ తీగ లాంటి సాకెట్, తొమ్మిది పిన్నులది, ఏదైనా ఉండవచ్చు. చూడటానికి సరిపోయిన కేబుల్‌ను గుచ్చేసి పరీక్షించడం ప్రమాదం, ఎందుకంటే కొన్నింటిలో అదే సాకెట్ గుండా ఛార్జింగ్ కరెంటు కూడా వస్తుంది. మాన్యువల్ లేకపోతే మల్టీమీటర్ ఉంది. సీరియల్ కనెక్షన్‌కు మామూలుగా వాడే ప్రమాణం ఆర్‌ఎస్-232. అందులో ఏమీ పంపనప్పుడు మాట్లాడే తీగ భూమితో పోలిస్తే రుణ వోల్టేజిలో ఉంటుంది, సాధారణంగా మైనస్ 5 నుంచి మైనస్ 12 మధ్య. వినే తీగ దాదాపు సున్నా. రెండు పరికరాలనూ విడివిడిగా ఆన్ చేసి కొలవండి. ఒకదాని రుణ పిన్ను రెండోదాని సున్నా పిన్నుకు చేరాలి. రెండింటిలోనూ 3వ పిన్నే రుణంగా ఉంటే నేరు కేబుల్ పనికిరాదు, 2, 3 తీగలు అడ్డంగా మారిన కేబుల్ కావాలి.

కొన్ని ప్రింటర్లు ఆర్‌ఎస్-232 కాక టీటీఎల్ స్థాయిలో, అంటే 0 నుంచి 5 లేదా 3.3 వోల్టుల మధ్య మాట్లాడతాయి. చిన్న కంట్రోలర్ బోర్డులతో వాడేవాళ్లకు ఇవి తగులుతాయి. ఈ రెండు పద్ధతుల్లో సంకేతం ఒకదానికొకటి తలకిందులు కాబట్టి నేరుగా కలిపితే ఏ వేగం పెట్టినా చెత్తే వస్తుంది, పైగా పన్నెండు వోల్టులు తగిలి టీటీఎల్ వైపు కాలిపోవచ్చు. మధ్యలో ఒక పద్ధతి నుంచి రెండోదానికి మార్చే మ్యాక్స్‌232 లాంటి చిప్ ఉండాలి. బోర్డు మీది 5 వోల్టుల పిన్ను నుంచి ప్రింటర్‌కు కరెంటు ఇవ్వాలని కూడా చూడకండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, పిన్నులు అడిగేది దానికి ఎన్నో రెట్లు. ప్రింటర్‌కు దాని బ్యాటరీ దానికే ఉండాలి, భూమి తీగ మాత్రం రెండింటికీ కలపాలి.

పిచ్చి గుర్తుల సంగతికి వద్దాం. స్వీయ పరీక్ష చీటీ మీద ఉన్న వేగం, డేటా బిట్లు (ఒక అక్షరానికి ఎన్ని), పారిటీ, స్టాప్ బిట్లు (అక్షరం అయిపోయిందని చెప్పేవి) కంప్యూటర్‌లో ఉన్న వాటితో అక్షరాలా సరిపోవాలి. సాధారణంగా 9600, 8 బిట్లు, పారిటీ లేకుండా, 1 స్టాప్ బిట్. లోపల చిన్న స్విచ్చుల వరస ఉంటే వాటిని మార్చాక ప్రింటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయండి. చాలా ప్రింటర్లు ఆన్ అయ్యేటప్పుడు మాత్రమే వాటిని చదువుతాయి.

చెత్త ఎలాంటిదో చూస్తే తప్పు ఎక్కడో తెలుస్తుంది. ఒక్క అక్షరమూ పోల్చుకోలేనట్టు ఉంటే వేగం తేడా, లేదా ఇందాక చెప్పిన తలకిందుల సంకేతం. కొన్ని అక్షరాలు ఎప్పుడూ సరిగా, కొన్ని ఎప్పుడూ తప్పుగా వస్తుంటే అది పారిటీ. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు ఏ, బి, సి, డి, ఇ పంపి చూడండి. ఏ, బి, డి సరిగా పడి, సి, ఇ మాత్రం వింత గుర్తులైతే కంప్యూటర్ 7 బిట్లు, సరి పారిటీతో పంపుతోంది, ప్రింటర్ 8 బిట్లుగా చదువుతోంది. కంప్యూటర్ లెక్కలో సి అక్షరం సంఖ్య 67, సున్నాలూ ఒకట్లూ మాత్రమే వాడే బైనరీ పద్ధతిలో రాస్తే అందులో మూడు ఒకట్లు. వాటిని సరిసంఖ్య చేయడానికి కంప్యూటర్ ఎనిమిదో చోట ఇంకో ఒకటి చేరుస్తుంది, ప్రింటర్ దాన్ని 195 అనుకుంటుంది. ఏ, బి, డిలలో ఒకట్లు ముందే రెండు కాబట్టి వాటికి ఏమీ కాదు. సెట్టింగు మార్చిన వెంటనే ఇది కుదుటపడుతుంది.

వచనమంతా బాగానే ఉండి కొటేషన్ గుర్తులూ కరెన్సీ గుర్తులూ మాత్రమే చెడితే సెట్టింగులను ముట్టుకోకండి. ఈ ప్రింటర్లకు అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ తెలియదు, 437 లాంటి పాత అక్షర పట్టికలే తెలుసు. వర్డ్ ప్రాసెసర్ పెట్టిన వంపు కొటేషన్ ఒక్కటే యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ను బైట్లుగా రాసే పద్ధతి) మూడు బైట్లు, ప్రింటర్ వాటిని మూడు వేర్వేరు గుర్తులుగా కొడుతుంది. నిటారు కొటేషన్లు వాడండి. తెలుగు లిపి కావాలంటే కంప్యూటర్‌లోనే బొమ్మగా మార్చి చుక్కలుగా పంపాలి. లైనుకు 144 నుంచి 240 చుక్కలే కాబట్టి వత్తులు చదవగలిగేలా రావాలంటే అక్షరాలు పెద్దవి కావాలి, ముద్రణ బాగా నెమ్మదిస్తుంది, బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది. రసీదు శీర్షిక వరకు చేసుకోవచ్చు, మొత్తం రసీదుకు మాత్రం నేను సలహా ఇవ్వను.

ఇక లైన్లు ఎగిరిపోవడం. ఇందులో లెక్క చేస్తే అంతా తేటతెల్లం. 9600 వేగంలో ఒక్కో అక్షరానికి పది బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. 24 అక్షరాల లైను, చివర రెండు గుర్తులు కలిపి 26 అనుకుంటే కంప్యూటర్ సెకనుకు 36 లైన్లకు పైగా పంపుతుంది. మీ ప్రింటర్ కొట్టేది సెకనుకు ఒకటో రెండో లైన్లు. మిగిలినవి బఫర్‌లో, అంటే ప్రింటర్‌లోని తాత్కాలిక జ్ఞాపకంలో ఆగుతాయి. బఫర్ 2048 బైట్లయితే దాదాపు 78 లైన్లు పడతాయి, ఇంకా చిన్నదైతే పాతిక లైన్లకే నిండుతుంది. నిండాక వచ్చినవి నేల పాలు. చిన్న రసీదులు బాగానే వచ్చి పొడవైనవి మాత్రమే చెడటానికి కారణం ఇదే. వేగం తగ్గిస్తే పోతుందనుకోవద్దు. 1200కు దించినా సెకనుకు నాలుగు లైన్లకు పైగానే వస్తాయి, ప్రింటర్ కన్నా అదీ ఎక్కువే.

దీనికి అసలైన పరిష్కారం ప్రింటర్ "ఆగు" అంటే కంప్యూటర్ ఆగేలా చేయడం. రెండు దారులు ఉన్నాయి. ఒకటి ప్రత్యేక తీగ. ప్రింటర్ తీరిక లేదని చెప్పే పిన్ను కంప్యూటర్ 8వ పిన్నుకు చేరాలి, పోర్టు సెట్టింగుల్లో ఫ్లో కంట్రోల్ హార్డ్‌వేర్ అని ఎంచుకోవాలి. మూడే తీగలున్న చవక కేబుల్‌లో ఈ తీగ ఉండదు, అందుకే మీరు కేబుల్ మార్చినా ఫలితం రాలేదేమో. రెండోది ఎక్సాన్, ఎక్సాఫ్ పద్ధతి. ఇందులో ప్రింటర్ 19 అనే సంకేతం పంపి ఆపుతుంది, 17 పంపి కొనసాగించమంటుంది. దీనికి మూడు తీగలు చాలు, కాని ప్రింటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే తీగ కచ్చితంగా ఉండాలి. ప్రింటర్, కంప్యూటర్ రెండూ ఒకే పద్ధతికి పెట్టి ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. రెండూ కుదరని చోట మీ ప్రోగ్రామ్ ప్రతి లైను తర్వాత ఒక సెకను ఆగేలా రాయండి. సొగసుగా ఉండదు, కాని పనిచేస్తుంది.

డ్రైవర్ కోసం అంత వెతకనక్కరలేదు. వచనం పంపడానికి డ్రైవరే అక్కరలేదు. విండోస్‌లో టెరా టర్మ్ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్ (టైపు చేసిన అక్షరాలను నేరుగా పోర్టుకు పంపేది) తెరిచి సరైన పోర్టు ఎంచుకుని టైపు చేస్తే చాలు. అక్షరాలు నొక్కుతుంటే ఏమీ పడకపోవడం చూసి కంగారు పడకండి. లైను పూర్తయితేనే ప్రింటర్ కొడుతుంది. ఎంటర్ నొక్కితే సాధారణంగా 13 (లైను మొదటికి రా అనే సంకేతం) మాత్రమే వెళ్తుంది, కొన్ని ప్రింటర్లు 10 (తర్వాతి లైనుకు వెళ్లు అనేది) వచ్చేదాకా కదలవు. టెర్మినల్‌లో రెండూ పంపేలా పెట్టండి. లైన్ల మధ్య ఖాళీ రెట్టింపైతే 13కే లైను మార్చే స్విచ్చు ప్రింటర్‌లో ఆన్ అయి ఉందని అర్థం. ప్రతి రసీదుకు ముందు 27, 64 అనే రెండు బైట్లు పంపడం మంచి అలవాటు, ముందు పనిలో మిగిలిపోయిన సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. చివర 27, 100, 4 పంపితే చాలా మోడళ్లలో నాలుగు లైన్ల కాగితం జరిగి చీటీ చించుకోవడానికి వీలవుతుంది. సాధారణ అప్లికేషన్ల నుంచి ప్రింట్ చేయాల్సివస్తే విండోస్‌లోని జెనరిక్ టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్ సరిపోతుంది.

ప్రతి రసీదులో మొదటి రెండు మూడు అక్షరాలు పోతుంటే అది ఇంకొక విషయం. బ్యాటరీ ఆదా కోసం ప్రింటర్ నిద్రపోతుంది, మేల్కొనే లోపు వచ్చిన అక్షరాలు దానికి అందవు. ముందు ఒక సున్నా బైటు పంపి, అర సెకను ఆగి, అప్పుడు అసలు వచనం పంపండి.

బ్లూటూత్‌ను అన్నీ కుదిరాకే ముట్టుకోండి. అందులో కనిపించేది సీరియల్ పోర్టే, తీగ మాత్రమే లేదు. జత చేసేటప్పుడు అడిగే సంఖ్య చాలావాటిలో 0000 లేదా 1234. విండోస్ రెండు పోర్టులు చూపిస్తే బయటికి వెళ్లేదాన్ని, అంటే ఔట్‌గోయింగ్ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒక సమయంలో ఒక్క పరికరంతోనే కలుస్తుంది కాబట్టి పక్కనున్న ఫోను ముందే పట్టుకుని ఉంటే ల్యాప్‌టాప్‌కు దొరకదు. ఐఫోన్ ఈ పాత సీరియల్ పద్ధతిని మామూలు పరికరాలతో అనుమతించదు, ఆండ్రాయిడ్‌తో ఇబ్బంది లేదు. ఆండ్రాయిడ్‌లో దొరికే రసీదు యాప్‌లు ఎక్కువగా థర్మల్ ప్రింటర్ల కోసం చేసినవి. 58 మిల్లీమీటర్ల థర్మల్ అంటే 384 చుక్కలు, లైనుకు 32 అక్షరాలు అని అవి లెక్కేసుకుంటాయి. కొన్ని రసీదు మొత్తాన్ని బొమ్మగా పంపుతాయి. ఆ ఆదేశం మీ ప్రింటర్‌కు అర్థంకాక మీటర్ల కొద్దీ చెత్త కొడుతుంది. యాప్‌లో వచన పద్ధతి ఎంచుకుని, లైను వెడల్పును మీ ప్రింటర్‌ను బట్టి 24 లేదా 40కి మార్చండి. ఆ వీలు లేని యాప్‌ను వదిలేయండి.

థర్మల్ కొనాలా అన్నదానికి జవాబు మీ చీటీలు ఎంతకాలం ఉండాలన్న దాన్ని బట్టి ఉంటుంది. థర్మల్ చప్పుడు చేయదు, వేగంగా కొడుతుంది, రిబ్బన్ ఖర్చు లేదు. చూసి పారేసే చీటీలకు అదే నయం. కాని ఆ ముద్రణ వేడికి, ఎండకు, ప్లాస్టిక్ కవర్లలోని రసాయనాలకు వెలిసిపోతుంది. తూకం లెక్కలు, కొలతల రికార్డులు, సంతకం చేసి ఫైలులో పెట్టే కాగితాలు అయితే సిరా ముద్రణనే నేను నమ్ముతాను. రెండు పొరల కార్బన్ కాగితం పెట్టి ఒకే దెబ్బకు నకలు తీయడం కూడా థర్మల్‌కు సాధ్యం కాదు. అయితే రెండు పొరలకు తగినట్టు తయారైన మోడల్‌లోనే అలా చేయండి, మిగతావాటిలో కింది పొర మీద అక్షరాలు సరిగా పడవు.

మళ్లీ కొన్ని నెలలు వాడరనుకుంటే బ్యాటరీని విడిగా తీసి ఉంచండి. లిథియం రకాన్ని సగం ఛార్జ్‌తో చల్లని చోట పెట్టండి, గడ్డకట్టే చలిలో ఉన్నప్పుడు ఛార్జ్ చేయవద్దు. రిబ్బన్ క్యాసెట్‌ను గాలి చొరని సంచిలో వేయండి. తిరిగి వాడేముందు నికెల్ బ్యాటరీ అయితే ఒక రాత్రంతా ఛార్జ్ చేసి, స్వీయ పరీక్ష చీటీ ఒకటి తీసుకుని, ఆ తర్వాతే ల్యాప్‌టాప్ కలపండి. అప్పటికీ ఇబ్బంది ఉంటే ఆ చీటీ ఫొటో, కొడుతున్నప్పటి వోల్టేజి, మీ కేబుల్‌లో ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకు తీగ ఉందో రాసి పంపండి, చూసి చెబుతాను.